రచయిత వెంట నడిస్తే నవల దొరుకుతుంది

గొల్లపూడి మారుతీరావు రాసిన ‘సాయంకాలమైంది’ నవలకు నేపథ్యం పద్మనాభం. విశాఖపట్నం జిల్లాలో గోస్తనీ నది పక్కన, కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి కొలువైన ఊరది. అర్చకత్వాన్ని నమ్ముకుని బతికిన ఒక శ్రీవైష్ణవ కుటుంబం తరాలు మారేకొద్దీ ఏమైపోయిందో ఆ నవల చెబుతుంది. ఆచారాన్ని ప్రాణంగా పట్టుకున్న పెద్దలు ఒకవైపు, చదువులు చదివి అమెరికా దాకా వెళ్ళిపోయిన పిల్లలు ఇంకోవైపు. మధ్యలో గుడి, నది, ఊరు. కార్తీక అమావాస్య దీపోత్సవానికి వెయ్యికి పైగా మెట్లున్న ఆ కొండకు ఏటా జనం తరలివస్తారు. తాము వచ్చిన ఊరు ఒక మంచి తెలుగు నవలకు నెలవని వాళ్ళలో చాలామందికి తెలియదు.

గొల్లపూడి అనగానే గుర్తొచ్చేది సినిమా. 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో తెరకెక్కి, నంగిగా నవ్వుతూ కొంపలు కూల్చే పాత్రలకు పేరుపడ్డ నటుడాయన. ఆ మనిషే ఒక అర్చకుడి నిష్ఠ గురించి అంత ఆర్తితో రాశాడంటే కొత్త పాఠకుడికి నమ్మబుద్ధి కాదు. కానీ ఆయన 1939లో విజయనగరంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని, పత్రికలో, రేడియోలో పనిచేసి, నాటకాలు రాసి, ఆ తర్వాతే సినిమాకు వెళ్ళాడు. విశాఖ, విజయనగరాల మధ్య ఊళ్ళు ఆయనకు సొంత ఊళ్ళ లెక్కే. ఈ సంగతి తెలిశాక ‘సాయంకాలమైంది’ ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. అదే చేత్తో ఆయన రాసిన ‘చీకటిలో చీలికలు’, ‘ఎర్రసీత’ కూడా చదవాలనిపిస్తుంది.

నవలలు వెతుక్కునేవాళ్ళకు ఇది పనికొచ్చే పద్ధతి. పుస్తకాల దుకాణంలో నవలలు రకాలవారీగా ఉంటాయి. సాంఘికం, చారిత్రకం, డిటెక్టివ్, హాస్యం, మనోవైజ్ఞానికం, క్షుద్రం అని అరలు. ఆ అరలు అమ్మేవాడికి సౌకర్యం. చదివేవాడు మాత్రం ఒక అరకు అలవాటుపడితే పక్క అర వైపు చూడడు. డిటెక్టివ్ నవల చదివేవాడు డిటెక్టివే చదువుతాడు, ప్రేమ నవల చదివేవాళ్ళు ప్రేమ నవలే చదువుతారు. రచయిత ఎవరు, ఏ ఊరివాడు, పొట్టకూటికి ఏం చేశాడు అన్నది పట్టుకుంటే అరల గోడలు వాటంతటవే పడిపోతాయి. తెలుగు నవలలో ఈ లెక్క చాలా దూరం సరిపోతుంది. కోర్టు చూసినవాడు కోర్టు రాశాడు, పత్రికాఫీసు చూసినవాడు పోలీసును రాశాడు, జైలుకు వెళ్ళినవాడు మాలపల్లెను రాశాడు.

మొదటి అడుగులు

తెలుగులో నవల పుట్టి ఒకటిన్నర శతాబ్దం దాటింది. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ వచ్చింది. 1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ మొదలుపెట్టారు. మొదటి నవల ఏదన్న తగువు పండితులది. జనం చదివింది, తర్వాతి రచయితలు ఒరవడిగా పెట్టుకున్నది వీరేశలింగం నవలనే. ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణతో మొదలైనా, అందులోని ధవళేశ్వరం, జ్యోతిష్కులు, బంధువుల పొగడ్తలు, అప్పులు అన్నీ అచ్చంగా గోదావరి ఒడ్డువే. విచిత్రం ఏమిటంటే ఇంగ్లీషు నుంచి ప్రేరణ పొందిన ఈ పుస్తకం 1887లో ‘ఫార్చూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లీషులోకే వెళ్ళి లండన్‌లో అచ్చయింది. వీరేశలింగం సంఘ సంస్కర్త కాబట్టి నవలను కూడా మూఢనమ్మకాల మీద కొరడాలాగే వాడుకున్నారు. ఆ వెనకే చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయం’, ‘గణపతి’ రాశారు. ‘గణపతి’లో వెక్కిరింత ఇప్పటికీ వాడిపోలేదు.

హాస్యంలో అంతకన్నా పేరు మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ది. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకని ఓడెక్కి సీమకు పోవడమే కథ. మొక్కపాటి స్వయంగా సీమకు వెళ్ళి చదువుకొచ్చినవారు. పార్వతీశం తికమకలో అంత నిజం ఉండడానికి కారణం అదే.

1920ల్లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, చలం ‘మైదానం’ వచ్చాయి. ఉన్నవ బారిస్టరు, జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళి వేలూరు జైల్లో ఆ నవల రాశారు. దళిత కుటుంబం కేంద్రంగా అంత పెద్ద కథ తెలుగులో అంతకుముందు లేదు. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. చలం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఊరూరా తిరిగినవాడు. పెళ్ళి గడప దాటి వెళ్ళిపోయిన రాజేశ్వరి కథను 1927లో ఆమె నోటితోనే చెప్పించాడు. తిట్టనివాడు లేడు, చదవనివాడూ లేడు.

విశ్వవిద్యాలయం పెట్టిన పోటీ

తెలుగు నవల చరిత్రలో విశాఖపట్నానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1926లో బెజవాడలో మొదలై 1930లో విశాఖకు వచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెడితే, 1934 నాటి ఆ బహుమతిని రెండు నవలలు పంచుకున్నాయి. ఒకటి విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, రెండోది అడివి బాపిరాజు ‘నారాయణరావు’. న్యాయనిర్ణేతలు చేతులెత్తేసి చెరిసగం చేశారని చెప్పుకున్నా, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ పంపకంలో తెలివి కనబడుతుంది.

‘వేయిపడగలు’ సుబ్బన్నపేట అనే ఊరి పతనం. గుడి, కోట, కుటుంబం, ఊరు ఒకదానికొకటి ఆసరాగా నిలిచిన వ్యవస్థ కళ్ళముందే కూలిపోతుంటే ధర్మారావు అనే మనిషి చూస్తూ ఉంటాడు. విశ్వనాథకు కొత్త చదువుల మీద, కొత్త పాలన మీద ఉన్న కోపం దాచుకోలేదు. ఆ కోపంతో ఏకీభవించనివాళ్ళు కూడా పుస్తకం కింద పెట్టలేకపోయారు. పి.వి. నరసింహారావు దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. ‘నారాయణరావు’ దానికి ఎదురు మొహం. బాపిరాజు చిత్రకారుడు, కవి. జమీందారు కూతురిని పెళ్ళాడిన చదువుకున్న రైతుబిడ్డ కథను రంగులు అద్దినట్టు రాశారు. పాతది పోతోందని ఒకరు వగచారు, కొత్తది వస్తోందని ఇంకొకరు మురిశారు. ‘సాయంకాలమైంది’ నచ్చినవాళ్ళు ముందు ‘వేయిపడగలు’ చదవడం మేలు, గుడి చుట్టూ అల్లుకున్న బతుకు చెదిరిపోవడమనే బాధ రెంటిలోనూ ఉంది.

బాపిరాజు దగ్గరినుంచి చారిత్రక నవలలోకి దారి సులువు. శాతవాహనుల కాలానికి ‘హిమబిందు’, కాకతీయుల కాలానికి ‘గోనగన్నారెడ్డి’ రాశారు. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ వేసిన గోనగన్నారెడ్డిని చూసి ఈలలు వేసిన కుర్రాళ్ళు, ఆ పేరుతో అంతకు ఎన్నో దశాబ్దాల ముందే ఒక నవల ఉందని తెలిస్తే ఆశ్చర్యపోతారు. నోరి నరసింహశాస్త్రి ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’, ‘మల్లారెడ్డి’ ఇంకాస్త గంభీరం, కవుల చుట్టూ తిరుగుతాయి. పరుగులు పెట్టే చారిత్రక నవల కావాలంటే తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ తీసుకోవాలి. మంగోలు గడ్డిమైదానాల మీద తెలుగువాడు ఇంత ధీమాగా గుర్రాన్ని దౌడు తీయించడం గొప్ప విషయమే. డికెన్స్ నవలను ‘రెండు మహానగరాలు’గా తెలుగు చేసింది కూడా ఈయనే.

కోర్టు, కచేరీ, కోట

పద్మనాభం పేరు చరిత్రలో ఒక యుద్ధంతో ముడిపడి ఉంది. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సేనలతో ఇక్కడ జరిగిన పోరులో విజయనగరం రాజు చినవిజయరామరాజు ప్రాణాలు వదిలారు. ఆ తర్వాత ఉత్తరాంధ్రలో రాచరికం మిగిలింది గానీ కత్తిలో పదును పోయింది. కోటలు శిథిలమయ్యాక, పౌరుషం మీసాలకే పరిమితమయ్యాక ఆ రాజుల వారసుల బతుకు ఎలా ఉంటుంది? దానికి జవాబు విజయనగరం జిల్లా అలమండలో పుట్టిన కాకర్లపూడి నరసింహ యోగ పతంజలి ఇచ్చాడు.

పతంజలి (1952–2009) వృత్తికి పత్రికా రచయిత. ఈనాడులో పనిచేశాడు, ఉదయం పత్రికకు సంపాదకత్వం వహించాడు, చివరికి సాక్షి సంపాదకుడిగా ఉండగా కన్నుమూశాడు. పత్రికాఫీసులో రోజూ చూసిన అధికారపు లోపలి మురికి ‘ఖాకీవనం’లో పోలీసు శాఖ మీద, ‘పెంపుడు జంతువులు’లో పత్రికా రంగం మీద నిప్పులు చెరిగింది. ఆ తర్వాత ఆయన సొంతూరి వైపు తిరిగాడు. కోపం నవ్వుగా మారింది. ‘వీరబొబ్బిలి’లో ఆ ఘనమైన పేరు మోసేది రాజుగారింట్లో కుక్క. కోట పోయినా దాని దర్పం మాత్రం పోలేదు.

‘గోపాత్రుడు’ అంతకన్నా వింత. అలమండలో ఒక తగువు లేస్తుంది. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని. గోపాత్రుడు బల్లపరుపు అంటాడు. కాదన్నవాళ్ళతో మాటామాటా పెరుగుతుంది, కర్రలు లేస్తాయి, ఊరు రెండు పక్షాలవుతుంది. ఎవరూ భూమిని చూడరు, ఎవరి వెనక ఎవరున్నారన్నదే చూస్తారు. దాని కొనసాగింపు ‘పిలక తిరుగుడు పువ్వు’లో తగువు కోర్టుకెక్కుతుంది. భూమి ఆకారాన్ని సాక్షులు, వకీళ్ళు, న్యాయమూర్తి కలిసి తేల్చాలి. చదువుతున్నంతసేపూ నవ్వే. పుస్తకం మూశాక, మన కచేరీల్లో నిజాలు తేలేది కూడా ఇలాగే కదా అని గుబులు పుడుతుంది. తెలుగులో వ్యంగ్య నవల ఇంత ఎత్తుకు ఇంకెక్కడా వెళ్ళలేదు.

పతంజలికి ముందు ఈ కోర్టుల లోకాన్ని సాహిత్యంలోకి తెచ్చినవాడు రాచకొండ విశ్వనాథశాస్త్రి. 1922లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో వకీలుగా స్థిరపడి, 1993లో కన్నుమూసిన రావిశాస్త్రి దగ్గరికి వచ్చే క్లయింట్లు సారా కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు, జేబుదొంగలు, పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళు. మద్యనిషేధం రోజుల్లో ఆ కేసులు చూసి రాసినవే ‘ఆరు సారా కథలు’. నవలల్లో ‘రాజు-మహిషి’, ‘రత్తాలు-రాంబాబు’, ‘సొమ్ములు పోనాయండి’, ‘మూడు కథల బంగారం’, ‘ఇల్లు’ ఉన్నాయి. ‘రత్తాలు-రాంబాబు’ పూర్తి కాలేదు. పూర్తి కాకపోయినా చదవదగ్గ నవలలు తెలుగులో కొన్నే ఉన్నాయి, వాటిలో అదొకటి.

రావిశాస్త్రి వాక్యం విశాఖ యాసలో నడుస్తుంది. పోలికల మీద పోలికలు పేర్చుకుంటూ పోయి, చివర చురక పెడుతుంది. గోదావరి, కృష్ణా జిల్లాల భాషకు అలవాటుపడ్డ పాఠకుడికి మొదటి పది పేజీలు అడ్డం తగులుతాయి. తర్వాత ఆ భాషే పుస్తకం వదలనివ్వదు.

ఆయన మొదటి నవల ‘అల్పజీవి’ 1950ల నాటిది, తీరు వేరు. సుబ్బయ్య అనే గుమాస్తాకు అందరన్నా భయం. పైఅధికారి అన్నా భయం, బావమరిది అన్నా భయం, అప్పిచ్చిన కాంట్రాక్టరు అన్నా మరీ భయం. బయట జరిగేది తక్కువ, సుబ్బయ్య తలలో జరిగేది ఎక్కువ. జేమ్స్ జాయిస్ మొదలైనవాళ్ళు యూరపులో నడిపిన చైతన్యస్రవంతి పద్ధతిని ఒక విశాఖ వకీలు చిన్న ఉద్యోగి భయానికి అతికినట్టు వాడాడు.

ఇదే చుట్టుపక్కల ఇంకొందరున్నారు. ‘బీనాదేవి’ పేరుతో రాసింది భాగవతుల నరసింగరావు, బాలాత్రిపురసుందరమ్మ దంపతులు. భర్త న్యాయశాఖలో పనిచేసినవారు కాబట్టి ‘పుణ్యభూమీ కళ్ళుతెరు’, ‘హేంగ్ మీ క్విక్’ నవలల్లో చట్టం బీదవాడి మీద ఎలా పడుతుందో లోపలినుంచి కనబడుతుంది. శ్రీకాకుళం జిల్లా మడపాంలో పుట్టి, విశాఖలో నౌకాదళం కొలువులో ఉద్యోగం చేసిన బలివాడ కాంతారావు ‘దగాపడిన తమ్ముడు’, ‘వంశధార’ రాశారు. ఆయనది రావిశాస్త్రి మెరుపు కాదు, నెమ్మదిగా సాగే కరుణ. విజయనగరంలో పుట్టిన ద్వివేదుల విశాలాక్షి ‘వైకుంఠపాళి’, ‘మారిన విలువలు’ మధ్యతరగతి ఇంటి లోపలి లెక్కలు విప్పుతాయి.

మనసు లోపలికి

‘అల్పజీవి’ నచ్చినవాళ్ళకు దాని పక్కన పెట్టదగ్గ నవలలు మూడున్నాయి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ 1940ల మధ్యలో వచ్చింది. ఇంటి పరువు కోసం ఉన్నదంతా పోగొట్టుకుని, తర్వాత తన్ను తాను తినేసుకునే సీతారామారావు కథ. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ కథానాయకుడు దయానిధి తల్లి మీద పడ్డ నింద నీడలో పెరిగి ప్రేమకు అర్థం వెతుక్కుంటాడు. బుచ్చిబాబు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, తర్వాత ఆకాశవాణిలో పనిచేసినవారు. ఆ చదువు వాక్యంలో కనబడుతుంది, అక్కడక్కడా బరువు కూడా అవుతుంది. నవీన్ ‘అంపశయ్య’ 1960ల ఉస్మానియా హాస్టల్లో రవి అనే పేద విద్యార్థి ఒక్క రోజు. తెల్లవారి లేచింది మొదలు రాత్రి దాకా. పుస్తకం ఎంత పేరు తెచ్చిందంటే రచయితకు అదే ఇంటిపేరై ‘అంపశయ్య నవీన్’ అయ్యాడు. ఇంకా ముందుకు పోదలచినవాళ్ళకు వడ్డెర చండీదాస్ ‘హిమజ్వాల’, ‘అనుక్షణికం’ ఉన్నాయి. ‘అనుక్షణికం’లో పాత్రలు ఎంతమందంటే కాగితం మీద పేర్లు రాసుకుంటూ చదవడం మంచిది.

వారపత్రికల కాలం

1960ల నుంచి రెండు మూడు దశాబ్దాల పాటు నవలను నడిపింది వారపత్రికలు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి, స్వాతి. నెలకు యువ, జ్యోతి. సీరియల్ ఆపిన చోట నుంచి మళ్ళీ వారం దాకా ఇంటిల్లిపాదీ చర్చలు. కావలసిన సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి బైండు చేయించుకోవడం అప్పటి ఇళ్ళలో మామూలు. అలాంటి బైండుల్లో ఒక పేజీ వెనక వంటల శీర్షిక, ఇంకో పేజీ వెనక సబ్బు ప్రకటన కనబడతాయి. పాత సామాన్ల దుకాణాల్లో అవి ఇప్పటికీ తగులుతుంటాయి. ఎమెస్కో సంస్థ ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకంతో చవక నవలలను పోస్టులో ఊరూరికీ పంపింది. ఈనాడు సంస్థ ‘చతుర’ మాసపత్రిక నెలకొక పూర్తి నవల వేసింది. వీధి చివర అద్దె పుస్తకాల దుకాణం రోజుకింతని తీసుకుని మిగతా పని చేసింది.

ఈ కాలానికి ముఖం రచయిత్రులు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’తో ఉద్యోగం చేసే అమ్మాయి ఆత్మాభిమానాన్ని, కారు దిగి వచ్చే ఆరడుగుల కథానాయకుణ్ణి తెలుగిళ్ళకు పరిచయం చేశారు. ఆ కథానాయకుణ్ణి వెక్కిరించడం విమర్శకులకు సులువైంది. కానీ పుస్తకం పట్టని చేతులకు పుస్తకం అలవాటు చేసింది ఆయనే. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది. రంగనాయకమ్మ ‘బలిపీఠం’, ‘స్వీట్ హోమ్’ల నుంచి ‘జానకి విముక్తి’ దాకా సాగిన దారి వేరు. ప్రేమలోనూ పెళ్ళిలోనూ ఇంటిచాకిరీ లెక్క అడిగారు. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ భూమి మీద మమకారం కథ. ఆమె ‘మరీచిక’ను 1982లో ప్రభుత్వం నిషేధిస్తే కోర్టులో ఆ నిషేధం నిలవలేదు.

కొత్త రచయితలను పరిచయం చేయడంలో మాలతీ చందూర్ చేసిన పని ఇంకెవరూ చేయలేదు. ‘పాత కెరటాలు’ శీర్షికతో ప్రపంచ నవలలను ఒక్కొక్కటిగా తీసుకుని, కథను, రచయిత జీవితాన్ని కలిపి తెలుగులో చెప్పారు. ఇంగ్లీషు రాని గృహిణులు కూడా హార్డీ గురించి, టాల్‌స్టాయ్ గురించి మాట్లాడుకున్నారంటే ఆ చలవే. ఆమె సొంత నవల ‘హృదయనేత్రి’కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

అపరాధ పరిశోధనకూ అద్దె దుకాణమే పుట్టిల్లు. అంతకుముందు రైల్వేస్టేషన్లలో చవక నవలలతో పాఠకులను పెంచిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలల రచయితగా పేరుపడ్డారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు తెలుగువాళ్ళకు ఇంట్లో మనుషులే అయిపోయారు. కొమ్మూరి వాక్యం పొట్టిది, సాగదీత ఉండదు. ఆయన తోబుట్టువు వరూధిని భర్తే కొడవటిగంటి కుటుంబరావు. ‘చదువు’ నవల రాసి, చందమామను నడిపిన కుటుంబరావు వాక్యంలోనూ ఆ పొదుపే ఉంది. డిటెక్టివ్ అరలోంచి ‘చదువు’కు దాటడం అనుకున్నంత దూరం కాదు. తర్వాతి తరంలో మధుబాబు ‘షాడో’ వచ్చాడు.

1980 ప్రాంతాల్లో ఆంధ్రభూమిలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌గా రావడంతో క్షుద్రశక్తుల నవల ఊపందుకుంది. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివిన యండమూరికి ఉత్కంఠను లెక్కగట్టి పంచడం తెలుసు. ఆయనను దయ్యాల రచయితగా కొట్టిపారేసేవాళ్ళు ‘ఆనందోబ్రహ్మ’, ‘అంతర్ముఖం’ చదివి ఆ మాట అనాలి. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ డిటెక్టివ్ నవలకూ హాస్యానికీ ముడివేసింది. 1986లో అదే పేరుతో జంధ్యాల సినిమా తీశారు.

ఊరవతలి నవల

పత్రికల సీరియళ్ళు ఎక్కువగా ముట్టుకోని బతుకులను తెచ్చినవాళ్ళు వేరు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నిజాం కాలపు వెట్టిని రాశాయి. చిత్తూరు జిల్లాలో పుట్టి నిజామాబాదు వైపు కుష్ఠు రోగులకు వైద్యం చేసిన కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఒక ముసలివాడు, పందులు, అడవి, ఒక రాత్రి, అంతే. హెమింగ్వే ముసలి జాలరి గుర్తొస్తాడు. కానీ ఈ అడవి, ఈ ఆకలి మాత్రం రాయలసీమవి. ముక్కు మూసుకునే జబ్బులకు చేయి చాపిన వైద్యుడికే ఆ పందుల కాపరిలో వీరుడు కనబడ్డాడు. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ తరాల దళిత చరిత్రను పాట, ఆట, జ్ఞాపకాల నుంచి తిరిగి కట్టింది. 

అమెరికా తెలుగువాళ్ళ సంస్థ తానా నవలలకు ఇచ్చే బహుమతి ఈ దారిలో మంచి గుర్తు. చంద్రలత ‘రేగడి విత్తులు’, బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ ఆ బహుమతితో బయటికొచ్చినవే. ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ గుర్తింపు కూడా దక్కింది. ‘కొండపొలం’ 2021లో సినిమాగా వచ్చింది. గొర్రెలను తోలుకుని నల్లమలకు వెళ్ళే కాపరుల కథ అది. సినిమా చూసి ఊరుకున్నవాళ్ళు నవలలో అడవిని చూడలేదన్నమాట.

అనువాదాలు ఇంకో ద్వారం. దేశి కవితా మండలి వేసిన బెంగాలీ రచయిత శరత్ నవలలు చదివి, శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులున్నారు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980ల్లో అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి చేత ‘ఏడు తరాలు’గా తెప్పించింది. ‘అంటరాని వసంతం’తో కలిపి చదివితే ఆ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి.

దొరికే చోట్లు

విశాఖ చుట్టుపక్కలవాళ్ళకు ఇవన్నీ అందుబాటులో లేనివి కావు. ద్వారకానగర్‌లోని విశాఖపట్నం పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలు మొదట చూడవలసినవి. మనసు ఫౌండేషన్ రావిశాస్త్రి, పతంజలి రచనలను సమగ్ర సంపుటాలుగా వేసింది. విడివిడి నవలలు వెతుక్కునే శ్రమ తప్పుతుంది. అచ్చులో లేని పాత నవలలు చాలావరకు స్కానింగ్ ప్రతులుగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తలో రకంగా ఉంటాయి కాబట్టి పుస్తకం పేరుతో దొరక్కపోతే రచయిత పేరుతో, అదీ కాకపోతే ఇంటిపేరుతో వెతకాలి. కథల కోసమైతే 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఉంది. నవలకు అలాంటి ఇల్లు ఇంకా లేకపోవడం వెలితే. అందుకే అటక మీద పాత నవలలు, కుట్టించిన సీరియల్ బైండులు ఉన్నవాళ్ళు వాటిని పాత కాగితాలవాడికి తూకానికి వేయకముందు దగ్గరి గ్రంథాలయంలో ఒకసారి అడగాలి. పుస్తకంగా అచ్చుకే ఎక్కని సీరియల్ ఏదైనా ఉంటే, అది ఆ బైండులో తప్ప ఇంకెక్కడా మిగలదు.